కొలెస్ట్రాల్ 246: తిండి మార్చుకుంటే ఎంతవరకు తగ్గుతుంది?

అమ్మా,

మీరు రాసింది ముందు క్లుప్తంగా చెబుతాను. నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో మీకే తెలుస్తుంది. మీ వారికి 44 ఏళ్ళు. ఒడిశాలోని గుణుపురంలో బట్టల కొట్టు. ఉదయం తొమ్మిదిన్నరకు వెళితే రాత్రి పదింటికి ఇల్లు చేరతారు. ఎత్తు ఐదడుగుల ఆరంగుళాలు, బరువు 81 కిలోలు. షుగరు లేదు, బీపీ అంచున ఉంది. రక్తపరీక్షలో మొత్తం కొలెస్ట్రాల్ 246, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 162, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 36, ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలో తిరిగే కొవ్వు) 240 వచ్చాయి. తిండి మార్చి మూడు నెలలకు మళ్ళీ పరీక్ష చేయించుకుని రమ్మన్నారు డాక్టరు గారు. పక్కింటివాళ్ళు నూనె పూర్తిగా మానేయమన్నారు. మీ అత్తగారు గుడ్లూ నెయ్యీ ఆపించేశారు. మీ మామగారు 52 ఏళ్ళకే గుండెపోటుతో పోయారు కాబట్టి మీకు రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు.

నేను పుట్టింది పర్లాకిమిడిలో. బరంపురంలో ఒక ఆసుపత్రిలో 24 ఏళ్ళు డైటీషియన్‌గా పనిచేశాను. ఇటు శ్రీకాకుళం యాస, అటు ఒడియా మాట కలిసిన మన ఇళ్ళల్లో ఏం వండుతారో, సంతలో ఏం దొరుకుతుందో నాకు బాగా తెలుసు. అందుకని ఆలివ్ నూనె, అవకాడో అంటూ మొదలుపెట్టను. గుణుపురం బజారులో దొరికే సరుకుతోనే చెబుతాను.

మీరు భయపడింది 246 అంకె చూసి. ఆ నాలుగు అంకెల్లో అన్నిటికన్నా తక్కువ సంగతి చెప్పేది అదే. మంచీ చెడూ రెండూ కలిసిన మొత్తం అది. అందులోంచి మంచి కొలెస్ట్రాల్, అంటే హెచ్‌డీఎల్ 36 తీసేయండి. 210 మిగులుతుంది. రక్తనాళాల గోడల్లో పేరుకునే సరుకంతా ఈ 210లోనే ఉంది. ఇది 130 లోపు ఉండాలి. ఎల్‌డీఎల్ 160 నుంచి 189 దాకా ఉంటే ఎక్కువ అంటారు, 190కి చేరితే చాలా ఎక్కువ. మగవాళ్ళకు హెచ్‌డీఎల్ 40 కన్నా తగ్గకూడదు. ట్రైగ్లిజరైడ్స్ 150 లోపు ఉండాలి.

ఇక్కడ మీరు పట్టుకోవలసిన సంగతి ఒకటుంది. మీ వారి రిపోర్టులో ఉన్నది ఒక సమస్య కాదు, రెండు. ఎల్‌డీఎల్ పెరగడానికి ముఖ్య కారణం తినే కొవ్వు రకం, దానికి తోడు వంశం. ట్రైగ్లిజరైడ్స్ పెరిగి హెచ్‌డీఎల్ తగ్గడానికి కారణం అన్నం, చక్కెర, పొట్ట, రోజంతా కూర్చునే పని. నూనె పూర్తిగా మానేస్తే ఏమవుతుందో తెలుసా? కడుపు నిండదు, అన్నం ఇంకో గరిటె వేసుకుంటారు. నూనె తగ్గి అన్నం పెరిగితే ట్రైగ్లిజరైడ్స్ ఇంకా పెరుగుతాయి, ఉన్న కాస్త హెచ్‌డీఎల్ కూడా తగ్గుతుంది. పక్కింటివాళ్ళు మీ మంచి కోరే చెప్పారు, కానీ ఆ సలహా పాటించకండి.

ముందు ఎల్‌డీఎల్ సంగతి. మన ఒంట్లో కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం ఒళ్ళే తయారు చేసుకుంటుంది. రక్తంలో తిరిగే ఎల్‌డీఎల్‌ను లోపలికి లాక్కునే తలుపుల్లాంటివి కాలేయ కణాల మీద ఉంటాయి. వాటిని కనిపెట్టిన బ్రౌన్, గోల్డ్‌స్టీన్ అనే ఇద్దరు అమెరికా వైద్యులకు 1985లో నోబెల్ బహుమతి వచ్చింది. మనం సంతృప్త కొవ్వు ఎక్కువ తింటే ఆ తలుపులు తగ్గిపోతాయి. ఎల్‌డీఎల్ రక్తంలోనే తిరుగుతూ ఉంటుంది. సంతృప్త కొవ్వంటే పామోలిన్, వనస్పతి, కొబ్బరినూనె, వెన్న, నెయ్యి, మీగడ, వేటమాంసం కొవ్వు. గుడ్డులో ఉండే కొలెస్ట్రాల్ కన్నా ఈ కొవ్వే ఎక్కువ చెరుపు చేస్తుంది. అందుకని మీ అత్తగారికి నచ్చజెప్పి వారానికి మూడు నాలుగు గుడ్లు పెట్టండి, ఉడకబెట్టి. ఆ గుడ్లు ఆపి, సాయంత్రం పామోలిన్‌లో వేగిన ఆలూచాప్ తింటే లాభం లేదు.

మీ ఇంట్లో నలుగురికి నెలకు ఐదు లీటర్ల పామోలిన్ డబ్బా అయిపోతుందని రాశారు. మూడు నెలల్లో అన్నిటికన్నా పెద్ద మార్పు తెచ్చేది ఈ డబ్బాయే. పామోలిన్‌లో నూటికి 40 పాళ్ళకు పైగా సంతృప్త కొవ్వే. వేరుశనగ నూనెలో, తవుడు నూనెలో 20 దగ్గర ఉంటుంది. నువ్వుల నూనెలో 15. పొద్దుతిరుగుడు, ఆవనూనెల్లో 10 దగ్గర. మన ఒడియా ఇరుగుపొరుగు ఎప్పటినుంచో వాడే ఆవనూనె మంచిదే. మీకు ఆ ఘాటు పడకపోతే కూరలకు వేరుశనగ నూనె, చేపల పులుసుకు ఆవనూనె అని పంచుకోండి. రెండో పని కొలత. నెల మొదట్లో రెండున్నర లీటర్లు విడిగా తీసి పెట్టి, నెలాఖరు దాకా అదే సరిపెట్టండి. సీసాలోంచి మూకుట్లోకి వంపకుండా చెంచాతో వేస్తే సగం పని అయిపోతుంది. సీసా మీద ‘కొలెస్ట్రాల్ లేదు’ అని రాసి ఉందని ఎక్కువ ధర పెట్టకండి. గింజల నూనె దేంట్లోనూ కొలెస్ట్రాల్ ఉండదు, పామోలిన్‌లో కూడా ఉండదు.

వనస్పతిలో ట్రాన్స్ కొవ్వు 2 శాతం దాటకూడదని 2022 జనవరి నుంచి మన దేశంలో నిబంధన ఉంది. అది మేలైన మార్పే. కానీ సంతృప్త కొవ్వు అలాగే ఉంది కాబట్టి వనస్పతిని ఇంట్లోకి రానివ్వకండి. నెయ్యి మాత్రం రోజుకు ఒక చిన్న చెంచా, వేడి అన్నంలో పప్పు మీద వేసుకుంటే అభ్యంతరం లేదు. దాన్ని కూడా రోజు కొలతలోనే లెక్కవేయండి.

ఇంటి వంట మీ చేతిలో ఉంది. బయటి తిండే కష్టం. ఉదయం కొట్టు పక్క హోటల్లో పూరీ లేదా బరా-ఘుగుని (గారె, బఠానీ కూర), సాయంత్రం పకోడీ అని రాశారు. పొద్దున కాచిన నూనెలోనే రాత్రి దాకా వేపుతూ, తగ్గినప్పుడు పైన కొత్త నూనె పోస్తుంటారు. అలా మరిగి మరిగి నల్లబడ్డ నూనె రక్తనాళాలకు మంచిది కాదు. మీ వారితో పూర్తిగా మానేయించాలని చూడకండి, ఆయన చాటుగా తింటారు. 24 ఏళ్ళలో ఇది చాలా ఇళ్ళల్లో చూశాను. ఘుగుని ఉంచి బరా వదిలేయమనండి. ఘుగుని అంటే ఉడికిన బఠానీలే కదా, ఆయన ఒంటికి కావలసింది అదే. దాంట్లో గుప్పెడు మురీలు (మరమరాలు), పచ్చి ఉల్లిపాయ, నిమ్మరసం కలుపుకుంటే సాయంత్రం ఆకలి ఆగుతుంది. పూరీకి బదులు ఇంటి నుంచి ఇడ్లీ గానీ గోధుమ రవ్వ ఉప్మా గానీ తిని వెళ్ళాలి.

ఇంతవరకు తగ్గించేవి చెప్పాను. ఇప్పుడు పెంచవలసినది, పీచు. ముఖ్యంగా నీళ్ళలో జిగురుగా మారే పీచు. కాలేయం పైత్యరసం తయారు చేయడానికి కొలెస్ట్రాల్ వాడుతుంది. మామూలుగా ఆ పైత్యరసం పేగుల్లోంచి మళ్ళీ కాలేయానికి తిరిగి వెళ్తుంది. జిగురు పీచు దాన్ని పట్టుకుని మలంలో బయటికి పంపేస్తుంది. కాలేయం మళ్ళీ పైత్యరసం చేసుకోవడానికి రక్తంలోంచి ఎల్‌డీఎల్ లాక్కుంటుంది. ఈ పీచు పప్పుల్లో, బఠానీలు, ఉలవలు, శనగలు, రాజ్మాల్లో, ఓట్స్, బార్లీల్లో, బెండకాయ, వంకాయ, జామ, బత్తాయి, యాపిల్‌లో ఉంటుంది. రోజుకు ఒక కప్పు ఉడికిన పప్పుధాన్యాలు తింటే ఎల్‌డీఎల్ సుమారు 5 శాతం తగ్గుతుంది.

మన వైపు దీనికి అచ్చంగా సరిపోయే వంట దాల్మా. మన తెలుగు ఇళ్ళల్లో కూడా పప్పుచారు ఎంత మామూలో దాల్మా అంతే మామూలు. పెసరపప్పు గానీ కందిపప్పు గానీ, అందులో అరటికాయ, బొప్పాయి, గుమ్మడి, వంకాయ, ములక్కాడ, కంద. పోపుకు ఒక చెంచా నూనె చాలు, పైన వేపిన జీలకర్ర, ఎండుమిర్చి పొడి. చాలామంది రోగులకు నేను ఆహార పట్టిక రాసిస్తే ఇంటికెళ్ళి సొరుగులో పెట్టేసేవారు. దాల్మాలో పప్పు ఇంకో గుప్పెడు, కూరగాయలు రెట్టింపు వేసి, అన్నం సగం చేసి తినండి అని చెబితే మాత్రం చేసేవారు. కొండల మీద నుంచి సవరలు తెచ్చి అమ్మే కందులు, ఉలవలు, సామలు మీ సంతకు వస్తాయి కదా, కొనండి. ఉలవచారు కన్నా ఉడికిన ఉలవలు ముఖ్యం. చారు తీసి గుగ్గిళ్ళు పారేయకండి, ఆయనకు తాలింపు వేసి పెట్టండి.

చోళ్ళ (రాగుల) గురించి అడిగారు. ఒడిశాలో 2017లో చిరుధాన్యాల పథకం మొదలైన దగ్గర్నుంచి అందరి నోటా మాండియా, అంటే ఈ చోళ్ళ మాటే. చోడంబలి మంచిదే. అయితే అది ఎల్‌డీఎల్‌ను ఓట్స్, బార్లీ అంతగా తగ్గించదు. దాని లాభం వేరు. అన్నం బదులు తాగితే కడుపు నిండుతుంది. అన్నం తిన్నాక పైన తాగితే లాభం లేదు. బెల్లం వేస్తే అసలే వద్దు, మజ్జిగా ఉల్లిపాయా వేసి ఇవ్వండి. ఎల్‌డీఎల్ కోసమైతే వారంలో నాలుగు రోజులు బార్లీ గంజి గానీ ఓట్స్ గానీ ఉదయం పెట్టండి. ఇసబ్గోల్ కూడా పనిచేస్తుంది. రాత్రి రెండు చెంచాలు పెద్ద గ్లాసు నీళ్ళతో తీసుకోవాలి, వేరే మాత్రలు వేసుకునేదుంటే రెండు గంటల ఎడం ఉంచాలి.

ఇక రెండో సమస్య. ట్రైగ్లిజరైడ్స్ 240, హెచ్‌డీఎల్ 36. వీటికి మందు ఎక్కడుందో మీ ఉత్తరంలోనే కనిపించింది. కొట్టుకు వచ్చిన వాళ్ళతో కలిసి రోజుకు ఆరు టీలు తాగుతారని రాశారు. టీకి రెండు చెంచాలు వేసుకుంటే రోజుకు పన్నెండు చెంచాల చక్కెర, దగ్గర దగ్గర 50 నుంచి 60 గ్రాములు. నెలకు కిలోన్నర పైనే. అదనంగా వచ్చిన చక్కెరను, తెల్లన్నం పిండిని కాలేయం కొవ్వుగా మార్చి రక్తంలోకి వదులుతుంది, అదే ట్రైగ్లిజరైడ్స్. మూడు టీలకు తగ్గించి, చెంచా చక్కెరతో మొదలుపెట్టి, నెల తిరిగేసరికి టీకి సగం చెంచాకు దించండి. టీతో బిస్కెట్లు వద్దు. రసగుల్లా, ఛెనాపోడ పండక్కి ఒక ముక్క అనుకోండి. వాటిలో చక్కెరతో పాటు పాల కొవ్వు కూడా ఉంటుంది.

అన్నం మానమని నేను చెప్పను. మనవాళ్ళు మానలేరు, మానక్కర్లేదు కూడా. పళ్ళెంలో సగం కూరలూ ఆకుకూరలూ, పావు వంతు పప్పు లేదా చేప, మిగిలిన పావు వంతు అన్నం. చద్దన్నం, అదే పఖాళ, ఎండాకాలంలో మంచి తిండే. కానీ నీళ్ళలో ఉన్నా అది అన్నమే కాబట్టి కొలత అదే. దాని పక్కన బంగాళాదుంప వేపుడు, వేపిన వడియాలు కాకుండా పెరుగు, ఉల్లిపాయ, కాల్చిన వంకాయ పచ్చడి పెట్టండి.

చేప మంచిది. కవళ్ళు, కానాగంతలు లాంటి నూనె ఉన్న సముద్రపు చేపలు వారానికి రెండుసార్లు పులుసుగా. వేపితే వాటి మేలు తగ్గుతుంది. ఎండుచేపల్లో ఉప్పు ఎక్కువ, బీపీ అంచున ఉన్నవారికి వద్దు. వేటమాంసం నెలకు రెండుసార్లు, కొవ్వు తీసేసి. కోడి చర్మం తీసేసి. గుప్పెడు వేయించిన వేరుశనగలు రోజూ తినొచ్చు. పలాస జీడిపప్పూ బాదమే కావాలని లేదు.

రాత్రి భోజనం గురించి గట్టిగా చెప్పాలి. పదిన్నరకు రోజంతటి ఆకలితో పెద్ద పళ్ళెం అన్నం తిని వెంటనే పడుకుంటున్నారు. ఇది ట్రైగ్లిజరైడ్స్‌కూ పొట్టకూ రెండింటికీ చెరుపు. ఎనిమిదింటికి కొట్టుకే క్యారేజీ పంపండి. రెండు రొట్టెలు, గిన్నెడు దాల్మా. ఇంటికి వచ్చాక గ్లాసు మజ్జిగ. మొదటి వారం ఆయన విసుక్కుంటారు. మూడో వారానికి పొద్దున్నే ఆకలి వేస్తోందని ఆయనే చెబుతారు.

నడక రోజుకు 40 నిమిషాలు, వారానికి ఐదు రోజులు. తెల్లవారి వంశధార వైపు వెళ్ళి రావచ్చు. మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేనంత వేగంగా ఉండాలి. కొట్టులో గంటకోసారి లేచి, థాను ఆయనే దించి చూపించడం కూడా లెక్కలోకి వస్తుంది. 81 కిలోల బరువు ఆరు నెలల్లో 75కి వస్తే ట్రైగ్లిజరైడ్స్ బాగా దిగుతాయి.

మీరు రాయని రెండు సంగతులు నేను అడగాలి. మద్యం, పొగాకు. మద్యం ట్రైగ్లిజరైడ్స్‌ను నేరుగా పెంచుతుంది, అది విదేశీ సీసా అయినా ఇప్పసారా అయినా. పొగాకు హెచ్‌డీఎల్‌ను తగ్గించి రక్తనాళాల గోడను పాడు చేస్తుంది. సిగరెట్ తాగరు కదా అని మనవైపు ఖైనీని, గుట్కాని, పళ్ళకు రుద్దుకునే గుడాకును లెక్కలోకి తీసుకోరు. అవీ పొగాకే. ఆయనకు ఆ అలవాటు ఉంటే ఈ జాబులో అన్నిటికన్నా ముందు చేయవలసింది అదే.

ఇదంతా చేస్తే ఎంత తగ్గుతుంది? ఉన్నదున్నట్టు చెబుతాను. తిండి శ్రద్ధగా మారిస్తే ఎల్‌డీఎల్ 10 నుంచి 20 శాతం తగ్గుతుంది. అంటే 162 కాస్తా 130కీ 145కీ మధ్యకు వస్తుంది. ట్రైగ్లిజరైడ్స్ ఇంకా ఎక్కువ దిగొచ్చు, 150 దగ్గరకు రావడం చాలామందిలో చూశాను. హెచ్‌డీఎల్ మాత్రం మెల్లగా పెరుగుతుంది, రెండు మూడు అంకెలు పెరిగినా సంతోషించండి. కాశీనగర్ వైపు నుంచి వచ్చిన ఒక మాస్టారు పామోలిన్, పకోడీ, రాత్రి అన్నం, ఈ మూడే మార్చి నాలుగు నెలల్లో 171 నుంచి 142కు తెచ్చుకున్నారు.

అయితే మీ మామగారి సంగతి వల్ల మీ వారి లెక్క వేరు. తండ్రికి 55 ఏళ్ళ లోపే గుండెజబ్బు వస్తే కొడుకుకు ముప్పు ఎక్కువని పరిగణిస్తారు. అందుకని మూడు నెలల తర్వాత ఎల్‌డీఎల్ 140 వచ్చినా డాక్టరు గారు కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర రాయవచ్చు. అప్పుడు తిండి పథ్యం ఓడిపోయిందని అనుకోకండి. మాత్ర ఎల్‌డీఎల్‌ను 30 నుంచి 50 శాతం తగ్గిస్తుంది, తిండి దానికి తోడవుతుంది. మూడు నెలలకు వెళ్ళినప్పుడు థైరాయిడ్ పరీక్ష, మూడు నెలల షుగర్ సగటు పరీక్ష కూడా అడగండి. థైరాయిడ్ మందగిస్తే ఎల్‌డీఎల్ పెరుగుతుంది, దానికి తిండి ఎంత మార్చినా దిగదు. లైపోప్రొటీన్ ఎ అనే పరీక్ష జీవితంలో ఒక్కసారి చేయిస్తే చాలు. అది వంశం నుంచి వచ్చేది, మీ ఇంటి చరిత్రకు అవసరం.

మాత్ర మొదలైతే సొంతంగా ఆపనివ్వకండి. మా పెద్దన్నయ్యకు మాత్రలతో ఎల్‌డీఎల్ 80కి వచ్చింది. నార్మల్ అయింది కదా, కాలేయం పాడవుతుందట అని ఎవరో చెబితే ఆపేశాడు. మాకెవరికీ చెప్పలేదు. ఏడాదిన్నరకు, 58వ ఏట, గుండెపోటు వచ్చింది. బతికాడు, స్టెంట్ వేశారు, కానీ ఇప్పుడు రెండు అంతస్తుల మెట్లు ఎక్కలేడు. అక్కనై, చెల్లెలినై అందరికీ చెప్పే దాన్ని, సొంత ఇంట్లో ఒక్కసారి మందుల డబ్బా తీసి చూడలేదు. మీరు చూడండి. కండరాల నొప్పి గానీ ఇంకేదైనా గానీ వస్తే డాక్టరుకు చెప్పాలి, మాత్ర మార్చడమో మోతాదు తగ్గించడమో వారు చేస్తారు.

ఈ మూడు నెలల్లో ఎప్పుడైనా ఛాతీ బిగపట్టినట్టు ఉండి చెమటలు పట్టినా, ఆ నొప్పి ఎడమ చేతికో దవడకో పాకినా, గ్యాస్ అనుకుని కూర్చోకండి, 108కి ఫోన్ చేయండి.

మళ్ళీ పరీక్షకు 12 గంటలు ఏమీ తినకుండా, నీళ్ళు మాత్రం తాగి వెళ్ళాలి. ముందు మూడు రోజులు మద్యం ఉండకూడదు, పెళ్ళి భోజనం మర్నాడు వెళ్ళకూడదు. మొదటిసారి చేయించిన చోటే చేయిస్తే రెండు అంకెలనూ పోల్చుకోవచ్చు. ఆ రోజు బరువు, నడుము చుట్టుకొలత కూడా కాగితం మీద రాసి పెట్టుకోండి.

ఇంకొకటి. మీ వారికి తమ్ముడు ఉన్నాడని రాశారు, 39 ఏళ్ళు, రాయగడలో ఉంటున్నాడని. ఆయనదీ అదే తండ్రి రక్తం. ఇంతవరకు ఒక్కసారి కూడా ఈ పరీక్ష చేయించుకోకపోతే, మీ వారి రిపోర్టు ఫొటో తీసి ఆయనకు పంపి, ఈ వారమే చేయించుకోమని చెప్పండి.